రంగము నుండి మడివాళ వరకు

మడివాళ సోమేశ్వరస్వామి దేవాలయమునకు పోవువారు పెక్కురు. ఆ గుడి గోడలపై చెక్కియున్న అక్షరములను నిలిచి చూచువారు కొందఱే. ఆ శాసనములు తమిళమున నున్నవి. 1247వ సంవత్సరమునాటి శాసనము వెంగళూరి పెద్దచెఱువు క్రింది భూమిని దానము చేసిన సంగతిని తెలుపుచున్నది. 1365వ సంవత్సరమునాటి మఱియొకటి ఈ ప్రాంతమును ‘తామరైక్కిరై’ అని, అనగా తామరల గట్టు అని పేర్కొనుచున్నది. కన్నడదేశమున నున్న గుడిలో తమిళ శాసనములు నిలిచియుండగా, ఆ స్వామికి నేడు మనవంటి తెలుగువారును కొబ్బరికాయలు తీసికొని పోవుచున్నారు. ఏడెనిమిది వందల ఏండ్ల క్రిందటనే ఈ నేల ఒక్క భాషవారికే పరిమితమై యుండలేదని ఆ రాళ్లు చెప్పక చెప్పుచున్నవి.

మనలో కొందఱి పూర్వులు ఇచటికి ఎప్పుడు వచ్చిరో చెప్పగల పెద్దలు ఇండ్లలో నేడు లేరు. బెంగుళూరు నిర్మాతలైన కెంపేగౌడ వంశమువారి కాలముననే ఇచట తెలుగు ఆదరము పొందినది. ‘గంగాగౌరీవిలాసము’ అను తెలుగు యక్షగానము కెంపేగౌడ పేరనే వెలసియున్నది. మఱికొందఱు చిత్తూరు, అనంతపురము సీమల నుండి సేద్యమునకో, వర్తకమునకో వచ్చి నిలిచిరి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత వెలసిన పెద్ద కర్మాగారములలో ఉద్యోగములకై వచ్చినవారు ఇంక కొందఱు. 2011 జనాభా లెక్కలలో కర్ణాటకమున తెలుగు తమ మాతృభాషయని వ్రాయించుకొన్నవారు 35 లక్షలకు పైబడిరి. ఇల్లు, వాకిలి, ఉద్యోగము, వియ్యము అన్నియు ఇచటనే కుదిరిన మనకు, మన పెద్దలును ఒకనాడు మూట నెత్తిన పెట్టుకొని దిగినవారే యను మాట జ్ఞప్తికి వచ్చుట అరుదు.

ఆ మాటను మాకు జ్ఞప్తికి తెచ్చినది ఒక గోధుమపిండి సంచి.

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీ నుండి దేశమంతటను రాకపోకలు నిలిచిపోయిన దినములలో, మేము కొందఱము చందాలు వేసికొని, సమీపమున కట్టడముల దగ్గఱ రేకుల పాకలలో చిక్కుపడిన కూలి కుటుంబములకు సరకులు పంచితిమి. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలవారు వారిలో పెక్కురు. గోధుమపిండి, కందిపప్పు, నూనె ఒక్కొక్క సంచిలో కట్టి యిచ్చి, మంచిపని చేసితిమను తృప్తితో ఇండ్లకు వచ్చితిమి. వారము దినములైన తరువాత మరల పోయి చూడగా పిండిసంచులు కొన్ని విప్పకయే మూలనున్నవి. ఒక ముదుసలి మాతో, “పిండి మంచిదే బాబూ. కానీ దీన్ని ఏటి సేసుకోవాలో మాకు తెలీదు. పెనం కూడా లేదు. గుప్పెడు బియ్యం ఉంటే గంజైనా కాసుకుందుం” అనెను. ఆమె తప్పుపట్టుచు అనలేదు. మేమెక్కడ నొచ్చుకొందుమోయని మెల్లగా అనెను. వారు మాటలాడునది తెలుగే, మేము మాటలాడునదియు తెలుగే. అయినను ఇచ్చుటకు ముందు ఒక్క మాట అడుగవలెనని మాకు తోచలేదు.

ఆ సిగ్గు మమ్ము చరిత్ర వైపు నడపినది. ఆ ముదుసలి బయలుదేరిన సీమ వలసకు క్రొత్తది కాదు. ఆ పల్లెల నుండి పొట్టకూటికై పరదేశము పోయినవారి కథ నూటయేబది యేండ్లకు పైబడినది. వలసవచ్చినవానికిని, దిక్కులేక మరలివచ్చినవానికిని ఏ సాయము అందినది, ఏది అందలేదు అను విషయము ఆ కథలో స్పష్టముగా కనబడుచున్నది. కావున దానిని పాఠకుల ముందుంచుచున్నాము.

రంగము పోయినవారు

ఉత్తర కోస్తా పల్లెలలో వృద్ధులు రంగూనును ‘రంగము’ అందురు. 1852వ సంవత్సరపు యుద్ధముతో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైనది. ఐరావతీ నది ముఖద్వారపు అడవులు వరిపొలములైనవి. 1869లో సూయజు కాలువ తెఱచిన పిమ్మట ఆ బియ్యమునకు ఐరోపాలో గిరాకి పెరిగినది. బియ్యపు మరలలో బస్తాలు మోయుటకు, రేవులో ఓడల సరకు దింపుటకు మనుష్యులు కావలసివచ్చిరి. కాకినాడ, విశాఖపట్నము, భీమునిపట్నము, కళింగపట్నము రేవుల నుండి మనవారు ఓడలెక్కిరి. పాత కోరంగి రేవు పేరునుబట్టి బర్మాలో తెలుగు కూలీలను ‘కోరంగీలు’ అనిరి. ఆ పిలుపులో మర్యాద తక్కువ.

వీరిని తీసికొనిపోయినవాడు మేస్త్రీ. ఊరిలోనే బయానా యిచ్చి, ఓడకూలి తాను పెట్టుకొని, రంగూనులో వారి కూలి తానే పుచ్చుకొని, తన వంతు కోసికొని మిగిలినది చేతిలో పెట్టెడివాడు. భాష తెలియని ఊరిలో అన్నము పెట్టించువాడును, అప్పులో ముంచువాడును అతడే. వలస కార్మికుల సంరక్షణకని ప్రభుత్వమువారు ఒక ఉద్యోగిని నియమించియుండిరి. అట్టి పదవిలో పనిచేసిన ఆండ్రూ అను ఆంగ్లేయుడు రంగూనులోని భారతీయ కార్మికులపై వ్రాసిన గ్రంథము 1933లో వెలువడినది. ఒక్కొక్క గదిలో పట్టరానంతమంది క్రిక్కిఱిసి పరుండుట ఆ కాలమున రంగూను నగరమునకు పెద్ద సమస్య. 1931 నాటికి ఆ నగర జనాభా నాలుగు లక్షలు; అందు సగమునకు మించి భారతీయులే.

1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంపునకై సమ్మె కట్టిరి. యజమానులు వారికి బదులు బర్మీయులను పనిలోనికి తీసికొనిరి. సమ్మె ముగిసి తెలుగువారు తిరిగి పనిలోనికి రాగా, తీసివేయబడిన బర్మీయులకును వీరికిని ఘర్షణ చెలరేగినది. వందకు పైగా ప్రాణములు పోయినవి. పేదవాడు పేదవానిపై చేయి చేసికొనెను. 1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా భారతదేశము నుండి వేఱు చేయబడినది. ఆ దినము నుండి మనవారు చట్టరీత్యా పరదేశులైరి. 1938లో మరల అల్లర్లు జరిగినవి.

1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు రంగూనుపై బాంబులు కురిపించినవి. 1942 మార్చిలో నగరము పడిపోయినది. ఆ నెలలలో నాలుగైదు లక్షల భారతీయులు బర్మాను విడిచిరని అంచనా. ఓడలలో చోటు దొరకినవారు కొందఱు. తక్కినవారు అరకాను కొండల మీదుగాను, తమూ నుండి మణిపురము మీదుగాను, ఉత్తరమున హుకాంగు లోయ మీదుగాను కాలినడకన బయలుదేరిరి. వానలు, మలేరియా, కలరా వారిని త్రోవలోనే పట్టుకొన్నవి. మరణించినవారి సంఖ్య పదివేలకు తక్కువ యని ఎవరును అనరు. అంతకు పలు రెట్లని చెప్పువారు గలరు. తెల్లవారికి మేలైన త్రోవను, నల్లవారికి కష్టమైన త్రోవను కేటాయించిరను ఫిర్యాదు నాటి కేంద్ర శాసనసభలో పెద్ద చర్చకు వచ్చినది. ఆ దారులపై అస్సాము తేయాకు తోటల యజమానుల సంఘమువారు శిబిరములు నడిపి, అన్నము, మందులు ఇచ్చిరి. ఆ సేవను మఱువరాదు. దిక్కులేనివానికి సాయము చేయునప్పుడు కూడ త్రోవకు రంగు పులిమిరను మాటయు మఱువరాదు.

ఇల్లు చేరినవారికి ఇల్లు నెమ్మదిగా లేదు. 1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్నము మీదను, కాకినాడ మీదను బాంబులు పడినవి. బర్మా నుండి వచ్చినవారు చేరుచుండగా, తీరపు పట్టణములవారే లోతట్టు ఊళ్లకు తరలిపోవుచుండిరి. ఆ సమయమున వారిని నిలిపినది బంధువుల గంజికుండయే యనుట అతిశయోక్తి కానేరదు.

మరలివచ్చినవారికి దొరకినది

యుద్ధము ముగిసిన తరువాత కొందఱు మరల రంగము పోయిరి. 1962 మార్చి 2వ తేదీన సేనాపతి నెవిను అధికారము చేపట్టెను. 1964లో దుకాణములు జాతీయము చేయబడినవి. ఆ సంవత్సరము మే నెలలో 50, 100 క్యాట్ల నోట్లు రద్దయినవి. ఒక్క దెబ్బతో అంగడియు, దాచుకొన్న సొమ్మును పోయినవి. దేశము విడుచువారు నగలు, నగదు వెంట తెచ్చుకొనుటపై కఠినమైన నిర్బంధములుండెను. అట్లు కట్టుబట్టలతో మనవారు మదరాసు, విశాఖపట్నము రేవులలో దిగిరి.

ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. శిబిరములు వెలసినవి, అప్పులు మంజూరైనవి. 1963 జూను 1వ తేదీకి పిమ్మట బర్మా నుండి వచ్చినవారికి ప్రభుత్వోద్యోగములలో వయఃపరిమితి సడలించిరి. 1969లో మదరాసు కేంద్రముగా, బర్మా, సింహళముల నుండి మరలివచ్చినవారి కొఱకు ‘రెప్కో’ అను సహకార బ్యాంకు స్థాపింపబడినది. కేంద్ర ప్రభుత్వముతో పాటు కర్ణాటక, ఆంధ్ర రాష్ట్రములును దానిలో వాటాదారులు. విశాఖపట్నమున కంచరపాలెము దగ్గఱ ‘బర్మా క్యాంపు’ అను పేరు నేటికిని నిలిచియున్నది. మదరాసు బర్మా బజారు చుట్టుప్రక్కల అమ్మెడు ‘అత్తో’ అను బర్మా ఫలాహారము ఆ వలస మిగిల్చిన రుచియే.

ఐనను ఒక కొఱత మిగిలినది. ఆ కుటుంబములలో పెక్కుర పిల్లలు బర్మాలో పుట్టి, బర్మీ భాషలో చదివినవారు. ఇంటిలో తెలుగు మాటలాడుదురుగాని తెలుగు అక్షరము గుర్తుపట్టలేరు. స్వదేశమునకు వచ్చితిమను పేరే గాని, పలక ముందు కూర్చుండినప్పుడు వారు మరల పరదేశులే. ఒక పాకయు, ఒక అప్పుకాగితమును ఆ పిల్లవానికి చాలవు. అతని ప్రక్కన కూర్చుండి, అతనికి తెలిసిన భాష నుండి తెలియని భాషకు చేయిపట్టి నడిపించువాడు కావలెను.

ఈ సంగతి సింహళము నుండి వచ్చినవారి విషయమున ఇంకను తేటగా కనబడును. 1964 అక్టోబరు 30వ తేదీ నాటి శాస్త్రి–సిరిమావో ఒప్పందము ప్రకారము 5,25,000 మందిని భారతదేశము స్వీకరించుటకు అంగీకరించినది. వారు తమిళులు, కొండలపై తేయాకు కోయుట వారి తరతరముల పని. వారిలో పెక్కురకు చిల్లర వ్యాపారము పెట్టుకొనుమని అప్పులిచ్చిరి. తక్కెడ పట్టి యెఱుగని చేతులలో ఆ సొమ్ము నిలువలేదు. అనేక కుటుంబములు అప్పుల పాలైనవి. అదే జనమునకు నీలగిరులలో తేయాకు తోటల పనియు, మన కర్ణాటకమున సుళ్య, పుత్తూరు ప్రాంతములలో రబ్బరు తోటల పనియు చూపినప్పుడు, కష్టములున్నను కాళ్లు నిలదొక్కుకొనిరి. వ్యాపారపు అప్పునకును, మా గోధుమపిండికిని భేదము లేదు. ఇచ్చినవారి మనసు మంచిదే. పుచ్చుకొనువాని చేతిని చూడలేదు.

భిన్నమైన ఉదాహరణము ఒకటి మన రాష్ట్రముననే కలదు. 1959లో టిబెట్టు విడిచి వచ్చినవారికి నాటి మైసూరు ప్రభుత్వము బైలకుప్పె దగ్గఱ సుమారు 3,000 ఎకరముల అడవి నేల నిచ్చెను. 1960లో అచట మొదటి వసతి ఏర్పడినది; 1966లో ముండగోడున మఱియొకటి. అడవి కొట్టుట, ఏనుగుల భయము, మంచుకొండల మనుష్యులకు దక్షిణపు ఎండ — వారి కష్టము తక్కువ కాదు. కాని వారిని ఊరికొకరుగా చెదరగొట్టలేదు. 1961లో టిబెట్టు పిల్లల పాఠశాలల కొఱకు కేంద్ర ప్రభుత్వము ఒక ప్రత్యేక సంస్థను నెలకొల్పినది. తమ భాషయు, ఈ దేశపు చదువును రెండును వారికి లభించినవి. సహకార సంఘములు ఏర్పడినవి. బైలకుప్పెలో సెరా, ముండగోడులో గాండెను, డ్రెపుంగు మఠములు మరల నెలకొన్నవి. అరువదియేండ్లు గడచిన తరువాత కూడ ఆ పిల్లలు తమ తాతల భాషలో ప్రార్థించుచున్నారు. మైసూరు సంతలో కన్నడమున బేరమాడుచున్నారు. అడవి నిచ్చుటతో ఆగక, వారి బడికిని గుడికిని చోటిచ్చుట వలన ఇది సాధ్యమైనది.

తమకు తాము చేసికొన్న సాయము

ప్రభుత్వ సాయము లేనిచోట మనవారు తామే దారి చూచుకొనిన ఉదాహరణములును గలవు. 1860 నుండి నేటాలు చెఱకుతోటలకు పోయిన తెలుగువారి సంతతివారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. ఫిజీలో 1926లో సాధు కుప్పుస్వామి పూనికతో వెలసిన దక్షిణ భారతీయుల సంగము పాఠశాలలు పెట్టి, తమిళ తెలుగు భాషలకు చోటు కల్పించినది. 1955లో మలయాలో ఆంధ్ర సంఘము ఏర్పడి, రబ్బరు తోటలలో చెదరియున్న తెలుగు కుటుంబములను ఒక చోటికి చేర్చినది. ఈనాటి మలేషియా తెలుగు సంఘము దాని సంతతియే. ఇవి కేవలము పండుగలు జరుపుకొను సంఘములు కావు. బడికి పోని పిల్లను బడికి పంపుట, చావు వచ్చినప్పుడు నలుగురు భుజము పట్టుట, అప్పుకాగితము చదివి చెప్పుట — సంఘమనగా వారికి అదియే.

నేడు మన వాకిటిలో

రంగము త్రోవ మూతపడినది గాని, ఆ పల్లెల నుండి వలస ఆగలేదు. 2014 జూను 28వ తేదీన చెన్నై శివారున మౌలివాక్కములో కట్టుచున్న భవనము కూలి 61 మంది మరణించిరి. అందు శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల కూలీలు పెక్కురు. పాలమూరు, అనంతపురము నుండి వచ్చువారు మన నగరమునకు క్రొత్తవారు కారు. తెల్లవాఱుజామున హోసూరు రోడ్డుపై బస్సులు దిగువారిలో సంచి, చాప, చంటిబిడ్డ కల కుటుంబములను మనము దినదినమును చూచుచునే యున్నాము.

వారి కొఱకు చట్టములు లేకపోలేదు. అంతర్రాష్ట్ర వలస కార్మికులకై 1979లోను, కట్టడపు కార్మికులకై 1996లోను శాసనములు చేసిరి. ఒక రాష్ట్రపు రేషను కార్డుపై మఱియొక రాష్ట్రమున బియ్యము పుచ్చుకొను ఏర్పాటు 2019లో మొదలై 2022 నాటికి దేశమంతటికి వ్యాపించినది. ఈ కార్డు సంగతి తెలియక, ఊరిలోని బియ్యము వదలుకొని, ఇచట అంగడిలో కొనువారు మాకు ఎదురగుచున్నారు. హక్కు కలదు, హక్కును వారికి వారి మాటలో చెప్పువారు లేరు.

1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి ప్రదర్శనకు కట్టడములు కట్టుచుండగా, మట్టిలో ఆడుకొను కూలిబిడ్డలను చూచి మీరా మహాదేవన్ గారు అచటనే ఒక గుడారములో శిశుసంరక్షణ కేంద్రము తెఱచిరి. తల్లి పని విడిచి రానక్కఱలేదు. బిడ్డను చూచువారే పనియున్న చోటికి పోయిరి. అది ‘మొబైల్ క్రెషెస్’ అను సంస్థగా పెరిగినది. సాయము మనిషి యున్న చోటికి పోవలెనను ఎఱుక ఆ గుడారములో నున్నది.

మడివాళకు చేరువనే హోసూరు రోడ్డుపై రెండు పెద్ద వైద్యసంస్థలున్నవి. 1954లో నెలకొల్పిన మానసికారోగ్య సంస్థ 1974లో పాత మానసిక వైద్యశాలతో కలిసి నిమ్‌హాన్స్ ఐనది. 1973లో కిద్వాయి క్యాన్సరు సంస్థ ఏర్పడినది. రాయలసీమ నుండి అచటికి వచ్చు రోగులు ఎందఱో. మనోవ్యాధిని మాటతోనే కదా తెలుపవలెను! ‘గుండె దడగా ఉంది’, ‘తల బరువుగా ఉంది’, ‘ఇంట్లో దిగులుగా ఉంది’ అని మన ఆడువారు చెప్పుకొను మాటలలో ఏది శరీరమునకు చెందినది, ఏది మనసునకు చెందినది అనునది మన ఇండ్లలో పెరిగినవారికి తెలియును. చీటీ పట్టుకొని ఏ కిటికీ దగ్గఱ నిలువవలెనో తెలియక తిరుగువానికి తెలుగులో ఒక్క మాట చెప్పినచో అతని దినము మిగులును.

ఇక్కడనే స్థిరపడిన మన విలువ తెలియుచున్నది. మనకు రెండు భాషలు వచ్చును. మన తెలుగులో కన్నడపు మాటలు దొరలునని ఆంధ్రము నుండి వచ్చిన చుట్టములు నవ్వుదురు. మన కన్నడమున తెలుగు యాస వినబడునని ఇచటివారు నవ్వుదురు. ఆ నవ్వులకు మనము ఇంతకాలము కొంచెము కుంచించుకొంటిమి. నిజమునకు ఆ రెండు నాలుకలే మనము ఇతరులకు చేయగల సేవకు మూలధనము. క్రొత్తగా వచ్చినవానిని ఆఫీసు దగ్గఱకు తోడుకొనిపోయి కన్నడమున మాటలాడగలవారము మనమే; తిరిగివచ్చి ఆ సంగతి వానికి తెలుగున విప్పి చెప్పగలవారమును మనమే.

కావున మేము మా సభ్యుల ముందు ఈ చిన్న కోరికల నుంచుచున్నాము. ప్రతి ఆదివారము ఉదయము ఇద్దఱు ముగ్గురు కట్టడముల దగ్గఱకు పోయి, రేషను కార్డు, కార్మిక నమోదు, బడి చేర్పు పత్రములు నింపుటలో తోడ్పడవలెను. పిల్లలకు కన్నడము నేర్పుట ముఖ్యము, ఏలయనగా వారు చదువవలసిన బడి కన్నడపు బడి. దానితో పాటు తెలుగు అక్షరములును దిద్దించినచో, రేపు ఊరికి పోయినప్పుడు తాతకు వచ్చిన ఉత్తరమును ఆ బిడ్డయే చదివిపెట్టగలడు. ఆసుపత్రుల దగ్గఱ దుభాషీలుగా నిలుచుటకు విశ్రాంత ఉద్యోగులైన పెద్దలు ముందుకు రావలెను. ఏది యిచ్చుటకైనను ముందు, “మీకేం కావాలమ్మా?” అని అడుగవలెను.

ఈ కడపటి మాట మేము ఆలస్యముగా నేర్చుకొన్నది. రెండవమాఱు సంచులు కట్టునప్పుడు ఆ ముదుసలినే అడిగితిమి. బియ్యము, చింతపండు, ఎండుమిరపకాయలు, ఉప్పు అని ఆమె వ్రేళ్లు మడిచి చెప్పెను. అవే తీసికొని పోయితిమి. ఆ సాయంత్రము పాకలన్నిటిలోను పొయ్యిలు వెలిగినవి. ఆమె మాకును ఒక సత్తు గిన్నెలో గంజి పోసి యిచ్చెను. మేము కాదనక త్రాగితిమి.